అచ్చుతప్పు నాణేల కథ

పోయిన సంక్రాంతికి ఊరికి వచ్చినప్పుడు మా 1985 పదో తరగతి బ్యాచ్ స్నేహితుడొకడు నన్ను తన అంగట్లో కూర్చోబెట్టి, టీ తెప్పించి, ఏమీ మాట్లాడకుండా తన ఫోను నా చేతికిచ్చాడు. అందులో అయిదు రూపాయల నాణెం ఫోటో, దాని కింద హిందీ కలిసిన తెలుగులో కొన్ని మెసేజీలు ఉన్నాయి. నాణెం మీద వైష్ణోదేవి అమ్మవారి బొమ్మ. ‘ఇది అరుదైన నాణెం, పది లక్షలకు కొంటాం’ అని ఎవరో రాశారు. మావాడు రిజిస్ట్రేషన్ అని ఒకసారి 1,250 రూపాయలు, పన్ను అని ఇంకోసారి 5,400 రూపాయలు పంపాడు. ఆ తరువాత ఆ నంబరు పలకలేదు.

“నాకు ముందే ఒక మాట చెప్పుంటే ఆపేవాణ్ని కదరా” అన్నాను.

“నువ్వే కదప్పా మన గ్రూపులో పెట్టింది, అచ్చు తప్పుపడిన నాణెం ఒకటి లక్ష రూపాయలదాకా పలికిందని? నేను నమ్మింది వాణ్ని కాదు, నిన్ను.”

నేను పెట్టిన మాట నిజమే. కానీ సగం నిజం. నాణెం వెల మాత్రమే రాసి, ఆ వెల ఎందుకు వస్తుందో రాయలేదు. మన సంఘం స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు, ఆ రెండో సగం రాసి బాకీ తీర్చుకుందామనిపించింది.

గుర్రంకొండ టంకశాల

ఈ కథకు మొదలు మన పక్కనే ఉంది. వాయల్పాడు దాటి పోతే వచ్చే గుర్రంకొండ కోటను మనమందరం చూశాం. ఎక్స్‌కర్షన్‌కి పోయి, కొండెక్కి, రంగిణీ మహల్ దగ్గర చద్దిమూట విప్పినవాళ్ళు మనలో చాలామంది. ఆ ఊళ్ళో ఒకప్పుడు నాణేలు కొట్టారన్న సంగతి మాత్రం మనకు ఎవరూ చెప్పలేదు. టిప్పు సుల్తాన్ తన రాజ్యంలోని ఊళ్ళకు కొత్త పేర్లు పెట్టినప్పుడు గుత్తి ‘ఫైజ్ హిసార్’ అయింది, గుర్రంకొండ ‘జఫరాబాద్’ అయింది. ఆ జఫరాబాద్ పేరుతో, ఏనుగు బొమ్మతో రాగి పైసలు వచ్చాయి.

వాటిని కొట్టిన పద్ధతి సులువైనది. కింది అచ్చును దిమ్మెలో బిగిస్తారు. దాని మీద రాగి బిళ్ళ పెడతారు. పై అచ్చును చేత్తో పట్టుకుని సుత్తితో ఒక్క దెబ్బ వేస్తారు. అచ్చు మీది బొమ్మ చాలాసార్లు బిళ్ళకంటే పెద్దది. అందుకని ఒక పైసా మీద ఏనుగు తొండం పడితే తోక పడదు, ఇంకో పైసా మీద ఊరి పేరు సగమే కనిపిస్తుంది. గుండ్రంగా ఉండాలన్న నియమమూ లేదు. ఒక పైసా లాంటి పైసా ఇంకోటి ఉండదు.

అలాంటి నాణేల్లో తప్పు ఏది, ఒప్పు ఏది? ఆనాటి సరాఫు దగ్గరికి పోతే తూకం చూసేవాడు, బంగారం వెండి అయితే గీటురాయి మీద గీసేవాడు, అరుగుదలకు బట్టా కోసేవాడు. తొండం పడిందా, తోక పడిందా అన్నది అతనికి పట్టదు. అన్నీ ఒకదానికొకటి తేడాగా ఉన్నచోట తేడాకు వెల ఉండదు.

టిప్పు నాణేల్లో ఇంకో తమాషా ఉంది. 1787 ప్రాంతంలో ఆయన హిజ్రీ లెక్క వదిలి మౌలూదీ అనే కొత్త సంవత్సరాల లెక్క పెట్టాడు. ఆ సంవత్సరాన్ని కుడి నుంచి ఎడమకు చదివేలా రాయించాడు. 1218 అని ఉండాల్సింది మన కంటికి 8121గా కనిపిస్తుంది. తెలియనివాడు చూస్తే ‘అచ్చు తిరగబడింది’ అంటాడు. అది రాజాజ్ఞ. చూడ్డానికి వింతగా ఉన్నదల్లా తప్పు కాదన్న పాఠం మన గుర్రంకొండ కాలం నుంచే ఉంది.

యంత్రం వచ్చాక

టిప్పు తరువాత ఈ సీమ నిజాం చేతికి, 1800లో దత్తమండలాల్లో భాగంగా కంపెనీ చేతికి పోయింది. కంపెనీవాళ్ళు మద్రాసు రాజ్యానికి కావలసిన రాగి కాసుల్ని ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో ఆవిరి యంత్రాల మీద కొట్టించి ఓడల్లో తెప్పించుకున్నారు. అట్లా కాసులతో మద్రాసుకు బయల్దేరిన ‘అడ్మిరల్ గార్డ్‌నర్’ అనే ఓడ 1809 జనవరిలో ఇంగ్లండు తీరం దాటకముందే మునిగిపోయింది. 1980లలో దాన్ని వెలికితీస్తే, 1808 నాటి కాసులు గుట్టలుగుట్టలుగా కొత్తవాటిలా బయటపడ్డాయి. అన్నీ ఒకే గుండ్రం, ఒకే మందం, ఒకే బొమ్మ. ఆ రోజుల్లోనే మద్రాసు టంకశాలలో కొట్టిన పగోడా చిల్లర వెండి నాణేల మీద గుడిగోపురం, తెలుగు, తమిళ అక్షరాలు ఉన్నాయి. 1835లో కంపెనీ తన రాజ్యమంతటికీ ఒకే రూపాయి పెట్టింది. తూకం 180 గ్రెయిన్లు, అంటే ఇప్పటి లెక్కలో 11.66 గ్రాములు.

ఇక్కడ ఒక పెద్ద మార్పు జరిగింది. సరాఫు తక్కెడ చేసిన పనిని నాణెం మీది ముద్ర చెయ్యడం మొదలుపెట్టింది. అన్నీ ఒకేలా ఉంటేనే ముద్రను నమ్ముతాం. అన్నీ ఒకేలా ఉన్నాయి గనకే, తేడాగా వచ్చిన ఒక్కటి కంటికి ఆనుతుంది. నాణెంలో ‘తప్పు’ అనే మాటకు అర్థం వచ్చింది యంత్రంతోనే.

తప్పు ఎక్కడ పుడుతుంది

ముప్పై ఏళ్ళుగా నేను ప్రెస్ షాపులో పనిచేస్తున్నాను. మేము చేసేది మోటారు భాగాలు, టంకశాలలో చేసేది నాణేలు. పని తీరు మాత్రం దాయాదుల్లా ఉంటుంది. లోహపు పట్టీని కావలసిన మందానికి సాగదీస్తారు. అందులోంచి గుండ్రటి బిళ్ళలు కత్తిరిస్తారు. వాటిని కాల్చి మెత్తబరుస్తారు. ఇంకో యంత్రంలో అంచు నొక్కి చిన్న గట్టు లేపుతారు. కడిగి, ఆరబెట్టి, ప్రెస్సుకు పంపుతారు. అక్కడ బిళ్ళ ఒక ఉక్కు వలయంలో కూర్చుంటుంది. కిందొక అచ్చు, పైనొక అచ్చు. ఒక్క దెబ్బకు రెండు వైపులా బొమ్మ, అంచున గీతలు పడతాయి. ఇప్పటి ప్రెస్సులు నిమిషానికి ఏడు వందలకు పైగా దెబ్బలు వేస్తాయి.

తప్పు ఈ దారిలో మూడు చోట్ల పుడుతుంది: బిళ్ళలో, అచ్చులో, దెబ్బలో.

మొదటిది బిళ్ళ. పట్టీ చాలినంత ముందుకు జరగకపోతే, కత్తెర ఇంతకుముందు కోసిన రంధ్రం మీద మళ్ళీ పడుతుంది. అప్పుడు బిళ్ళ అప్పచ్చిని పిల్లాడు కొరికినట్టు నెలవంక తెగి వస్తుంది. ఒక నాణేనికి కేటాయించిన బిళ్ళ ఇంకో నాణెం ప్రెస్సులోకి జారిపోవడమూ ఉంది.

రెండోది అచ్చు. అచ్చు మీద బొమ్మ దింపడానికి మూలముద్రను ఉక్కులోకి నొక్కుతారు. పాత పద్ధతిలో ఒకసారి నొక్కితే బొమ్మ పూర్తిగా దిగదు, రెండోసారి నొక్కాలి. రెండోసారి వెంట్రుకవాసి పక్కకు తిరిగినా అక్షరాలు జంటగా పడతాయి. ఆ అచ్చుతో కొట్టిన ప్రతి నాణెం మీదా అదే జంట అక్షరం వస్తుంది. ఒకదానికొకటి సంబంధం లేని రెండు అచ్చుల్ని కలిపి బిగిస్తే పుట్టే నాణేన్ని ‘మ్యూల్’ అంటారు. మ్యూల్ అంటే కంచరగాడిద. పేరు సరిగ్గా అతికింది.

మూడోది దెబ్బ. బిళ్ళ వలయంలో సరిగ్గా కూర్చోకపోతే బొమ్మ పక్కకు పడి, సగం నాణెం బోడిగా మిగులుతుంది. కొట్టిన నాణెం బయటకు పోకుండా అక్కడే ఉంటే రెండో దెబ్బ తింటుంది. కొట్టిన నాణెం పై అచ్చుకే అతుక్కుపోతే, తరువాత వచ్చే బిళ్ళ మీద అచ్చు బదులు ఆ నాణెమే పడుతుంది. అప్పుడు ఒకవైపు బొమ్మ ఉబ్బెత్తుగా, రెండోవైపు అదే బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడి, లోపలికి గుంటగా దిగుతుంది. దీన్ని ఇంగ్లీషువాళ్ళు బ్రోకేజ్ అంటే, మన దేశపు నాణేల బజారులో ‘లఖీ’ అంటారు. అది ఇంట్లో ఉంటే లక్షలు వచ్చి చేరతాయని ఒక నమ్మకం.

వెల ఎందుకు వస్తుంది

మూడు పాత కథలు చెబితే ఈ లెక్క తేలిపోతుంది.

1911. మన మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు కడప జిల్లా నుంచి విడిపడి కొత్త చిత్తూరు జిల్లాలో చేరిన సంవత్సరం. ఆ ఏడే అయిదో జార్జి బొమ్మతో కొత్త రూపాయి వచ్చింది. రాజుగారి అంగీ మీద ఏనుగు బొమ్మ చెక్కారు. తొండం కురచై, అది పంది లాగా కనబడింది. జనం గగ్గోలు పెట్టారు. ముద్రించినవి సుమారు 94 లక్షలు, జనం చేతికి పోయినవి సుమారు 7 లక్షలు. మిగతావి కరిగించి, 1912 నుంచి తొండం సవరించి కొట్టారు. ‘పంది రూపాయి’ అని పేరుపడ్డ ఆ నాణెం ఈనాడు వేలల్లో పలుకుతుంది. నిజానికి ఇందులో యంత్రం తప్పేమీ లేదు, చెక్కినవాడి చేతిదే తప్పు. అయినా నాణెం చుట్టూ కథ ఉంది, నాణేలు మాత్రం కొన్నే మిగిలాయి.

1955. అమెరికాలోని ఫిలడెల్ఫియా టంకశాలలో ఒక సెంటు అచ్చు మీద అక్షరాలు, సంవత్సరం జంటగా పడ్డాయి. కనిపెట్టేసరికి అలాంటివి 20 వేలకు పైగా మంచి నాణేల రాశిలో కలిసిపోయాయి. వాటికోసం దాదాపు కోటి నాణేలు కరిగించాలా? వద్దనుకుని అన్నీ పంపేశారు. సిగరెట్ మిషన్లలో ప్యాకెట్‌తో పాటు చిల్లరగా అవి జనం చేతికి వచ్చాయి. ఇప్పుడు బాగా ఉన్న ఒక్కో సెంటు వెయ్యి డాలర్లకు పైనే. నేను గ్రూపులో పెట్టింది ఈ నాణెం గురించే.

2008. ఇంగ్లండులో 20 పెన్నీల నాణెం బొమ్మ మార్చారు. సంవత్సరం అంకెను వెనకవైపు నుంచి రాణి బొమ్మ ఉన్న వైపుకు జరిపారు. కొన్నిటికి పాత రాణి అచ్చు, కొత్త వెనక అచ్చు కలిసి బిగుసుకున్నాయి. రెండువైపులా సంవత్సరం లేని కంచరగాడిద పుట్టింది. మూడు వందల ఏళ్ళలో ఆ దేశంలో సంవత్సరం లేని నాణెం అదే మొదటిది. పత్రికలన్నీ రాశాయి. అయితే బయటికి పోయినవి 50 వేల నుంచి 2 లక్షల దాకా ఉంటాయని అక్కడి టంకశాల అంచనా. అందుకే దాని వెల ఎక్కువభాగం పదుల పౌండ్ల దగ్గరే ఆగిపోయింది.

ఈ మూడూ పక్కపక్కన పెడితే నాలుగు సంగతులు కనబడతాయి. తప్పు భూతద్దం లేకుండా కంటికి కనబడాలి. తప్పు టంకశాల గోడల లోపలే జరిగిందని నాణెమే రుజువు చూపాలి. అలాంటివి కొన్నే ఉండాలి. వాటిని కావాలని వెతికేవాళ్ళు చాలామంది ఉండాలి. నాలుగోది మనం మరిచిపోతాం. దెబ్బ తప్పిన నాణెం లోకంలో ఒక్కటే కావచ్చు, కానీ ఒక్కటే ఉన్నదానికి కేటలాగులో గడి ఉండదు, గడి నింపాలని తపించేవాడూ ఉండడు. అచ్చు తప్పినది వేలల్లో ఉంటుంది, దానికో పేరు ఉంటుంది, వరుసలో చోటు ఉంటుంది. కొనేవాళ్ళ పోటీ అక్కడ పుడుతుంది. మన దేశపు ఇప్పటి రూపాయి, రెండు రూపాయల నాణేల్లో దెబ్బ తప్పినవి దొరికినా, వెల చాలాసార్లు వందల్లోనే ఉండడానికి కారణం అదే.

ఇంకో సంగతి నా ఉద్యోగం నేర్పింది. మా షాపులో తప్పుపడిన భాగాన్ని ఎర్ర డబ్బాలో వేస్తాం. ఆ డబ్బా ఎంత ఖాళీగా ఉంటే మాకు అంత పేరు. టంకశాలలోనూ తప్పు నాణేల్ని ఏరి కరిగిస్తారు. వాళ్ళ కన్నుగప్పి బయటపడ్డదే మనకు దొరికేది. తప్పు నాణెం కొనేవాడు చెల్లించే ధర, ఒక రకంగా, ఎర్ర డబ్బా దగ్గర నిలబడి మిగతా కోట్ల నాణేలను సరిగ్గా పంపిన పనివాళ్ళ శ్రద్ధకు చెల్లించేది. గుర్రంకొండలో లాగా ప్రతి నాణెమూ వంకరగా వస్తే ఒక్కదానికీ ఈ వెల రాదు.

తప్పు కానివి

మా స్నేహితుడు నమ్మిన వైష్ణోదేవి నాణెంలో ఏ తప్పూ లేదు. ఆ క్షేత్రం బోర్డు రజతోత్సవానికి 2012 సంవత్సరంతో ప్రభుత్వం తెచ్చిన స్మారక నాణెం అది. చిల్లరలో నలిగిన దానికి అంగట్లో అయిదు రూపాయల సరుకే వస్తుంది.

సంవత్సరం కింద చుక్క, నక్షత్రం, వజ్రం గుర్తు ఉంటే అది తప్పు కాదు, టంకశాల సంతకం. నక్షత్రం మన హైదరాబాదుది. 1903లో సైఫాబాదుకు మారిన నిజాం టంకశాల 1950లో కేంద్ర ప్రభుత్వం చేతికి వచ్చింది, 1997లో చర్లపల్లికి పోయింది. వజ్రం ముంబయిది, చుక్క నోయిడాది. ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతాది.

బొమ్మలో రకాలు వేరు, తప్పులు వేరు. సైఫాబాదులో కొట్టిన చార్మినార్ నాణేల్లో వాకిట్లో ఒక అక్షరం ఉంటుంది. 1911లో గద్దెనెక్కిన ఉస్మాన్ అలీ ఖాన్ పేరులోని తొలి అక్షరం, ‘ఐన్’. అది మొదట్లో కురచగా, తరువాత పూర్తిగా వచ్చింది. కేటలాగులు రెంటినీ రెండు రకాలుగా చూపిస్తాయి. ఎవరూ దాన్ని తప్పు అనరు.

పది రూపాయల నాణెం సంగతి మనకు బాగా గుర్తుంది. పది గీతలది చెల్లుతుంది, పదిహేను గీతలది దొంగది అని పుకారు లేచి, మన సంతల్లో ఆ నాణేన్ని ముట్టుకున్నవాళ్ళు లేరు. 2018 జనవరిలో రిజర్వు బ్యాంకు 14 రకాల బొమ్మలతో పది రూపాయల నాణేలు తెచ్చామని, అన్నీ చెల్లుతాయని ప్రకటించింది. రకాలు తెలియనిచోట అసలు నాణేన్నే దొంగదని తోసేశాం. అదే తెలియనితనంతో మామూలు నాణేన్ని లక్షలదని నమ్ముతున్నాం.

టంకశాల బయట జరిగిన దెబ్బ కూడా తప్పు కాదు. మన రోజుల్లో పాకాల–ధర్మవరం మీటరుగేజి రైలు వచ్చే వేళకు పట్టాల మీద అయిదు పైసలు పెట్టి, రైలు పోయాక రేకులా సాగిన బిళ్ళను వెతుక్కోని పిల్లాడెవడు? అది పాడైన నాణెం, అంతే. సుత్తితో కొట్టినది, ఆకురాయితో అరగదీసినది, రెండు నాణేల సగాలు అతికించినది కూడా అంతే. అయితే ఈ రెండో రకాన్ని మోసానికే చేస్తారు.

తేడా పట్టడానికి ఒక చిట్కా చెబుతాను. నెలవంక తెగిన నాణెం దొరికితే, తెగినచోటికి సరిగ్గా ఎదురుగా ఉన్న అంచు చూడండి. అక్కడ గట్టు నీరసంగా, చదునుగా ఉంటే నాణెం అసలుది కావచ్చు. గట్టు లేపే యంత్రం బిళ్ళను రెండు వైపులా నొక్కుతుంది. ఒకవైపు లోహం లేకపోతే ఎదురువైపు ఒత్తిడి అందదు. దీన్ని బ్లేక్స్‌లీ ప్రభావం అంటారు. నాణెం తయారయ్యాక కత్తిరించినవాడు ఈ నీరసాన్ని తేలేడు. ఎదురు గట్టు నిండుగా ఉంటే అనుమానించండి.

సంచి

ఆ సంక్రాంతి రోజు మావాడు అంగడి మూల నుంచి వాళ్ళ నాయన కాలం నాటి గుడ్డసంచి తెచ్చాడు. 2011 జూన్ 30తో 25 పైసలు, అంతకు లోపలివి చెల్లకుండా పోయాక అట్లాగే పడేసిన చిల్లర అంతా అందులో ఉంది. ఇద్దరం నేల మీద పోసుకుని మధ్యాహ్నం దాకా ఏరాం. అల్యూమినియం అయిదు పైసలు, పది పైసలు, ఆరు మూలల ఇరవై పైసలు. మధ్యలో రేకులా సాగిన బిళ్ళ ఒకటి వచ్చింది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వుకున్నాం.

చివరికి ఒక్కటే నిలిచింది. అంచున నెలవంక తెగిన 25 పైసల నాణెం. ఎదురుగా గట్టు నీరసంగా ఉంది. పక్కనే ఉన్న నగల అంగడి తక్కెడలో పెట్టి చూశాం. 2.5 గ్రాములు ఉండాల్సింది 2.3 తూగింది. నిజమైన తప్పే.

“ఎంతొస్తుంది?” అన్నాడు.

“రెండు నూర్లు రావచ్చు. మంచివాడు దొరికితే మూడు.”

“ఆరువేల ఆరునూరల యాభై పోయి రెండు నూర్లు వచ్చినాయన్నమాట” అని, నాణేన్ని గల్లాపెట్టెలో వేరే అరలో పెట్టుకున్నాడు. అమ్మలేదు. పోయిన డబ్బు గురించి సైబర్ నేరాల నంబరు 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇద్దామంటే, “ఇన్ని నెలలయ్యాక ఏం వస్తుందిలేప్పా” అన్నాడు. అయినా చేయించాను. డబ్బు ఇంకా రాలేదు.

పాత నాణేలు కొంటామని తన పేరు చెప్పి రుసుములు, పన్నులు అడిగేవాళ్ళను నమ్మవద్దని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే హెచ్చరించింది. నాణెం కొనేవాడు మనకు డబ్బు ఇవ్వాలి. మననుంచి ముందుగా ఒక్క రూపాయి అడిగినా అక్కడితో ఆపేయండి.

స్వర్ణోత్సవం రోజు నేను భూతద్దం, చిన్న తక్కెడ తెచ్చుకుని బడి వరండాలో కూర్చుంటాను. మీ ఇళ్ళల్లో ఉన్న పాత చిల్లర డబ్బాలు తీసుకురండి, ఏరి చూద్దాం. మా సార్లు ఎవరైనా వస్తే, టిప్పు రాయించిన తిరగబడ్డ అంకెల సంగతి ఈసారి నేను వాళ్ళకు చెబుతాను.